ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ నవలలు: అరువు పుస్తకంతో పాటు తిరిగొచ్చే అపోహలు

నా దగ్గర పుస్తకం అరువు తీసుకున్నవాళ్ళు దాన్ని తిరిగిస్తూ అనే మాటల్ని ఒక నోటుబుక్కులో రాసుకోవడం నాకు అలవాటు. కొత్తగా వస్తున్న ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ నవలల మీద సమీక్షలు రాయడం, నెలకోసారి పదిమందితో కలిసి కూర్చుని ఒక నవల చదవడం పదిహేనేళ్ళుగా నా పని. ఆ నోటుబుక్కు తిరగేస్తే ఒకటి కనిపిస్తుంది. చాలామంది పుస్తకం తెరవకముందే దాని మీద ఒక లెక్క వేసుకుని ఉంటారు. చదువుతున్నంతసేపూ ఆ లెక్కతోనే పోట్లాడతారు. పదే పదే విన్న లెక్కలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇవి నిజ జీవితం నుంచి పారిపోవడానికి చదివే పుస్తకాలు

ఈ మాట అన్నవాళ్ళ చేతిలో నేను ముందుగా పెట్టేది ఎన్.కె. జెమిసిన్ రాసిన ‘ద ఫిఫ్త్ సీజన్’ (2015). ఒక తల్లి ఇంటికొచ్చేసరికి చిన్న కొడుకు నేల మీద చచ్చి పడి ఉంటాడు. కొట్టి చంపింది కన్నతండ్రే. కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. భూమి కంపాన్ని అదుపు చేసే శక్తితో పుట్టడమే ఆ పసివాడు చేసిన నేరం. ఆ శక్తి తల్లి నుంచి వచ్చింది. ఆమె దాన్ని అందరి దగ్గరా దాచుకుని బతుకుతోంది. మాటిమాటికీ భూమి బద్దలయ్యే ఆ లోకం ఆ మాత్రమైనా నిలబడేది ఇలాంటివాళ్ళ వల్లే. వాళ్ళనే ఆ లోకం అసహ్యించుకుంటుంది, శిక్షణ పేరు చెప్పి బానిసలుగా వాడుకుంటుంది.

ఆ తల్లి కథనంతా రచయిత్రి ‘నువ్వు’ అని పిలుస్తూ చెబుతారు. మొదట్లో చిరాకేస్తుంది, నాకూ వేసింది. కొంతదూరం వెళ్ళాక, ‘నేను’ అనుకునే ఓపిక కూడా మిగలని మనిషి కథ ఇంకెలా చెబుతారు అనిపించింది. ఆ పుస్తకం మూసేసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఇది మూడు నవలల వరసలో మొదటిది. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకు ఇచ్చే హ్యూగో అవార్డులు ఆ మూడింటికీ 2016, 2017, 2018లో వరుసగా వచ్చాయి. ఉత్తమ నవలకు వరుసగా మూడేళ్ళు ఆ అవార్డు గెలిచిన మొదటి రచయిత ఆమె. రెండో భాగం మధ్యలో కథ నెమ్మదించిందని నా అభిప్రాయం. అయినా మూడూ చదవాలి. తల్లికీ కూతురికీ మధ్య లెక్క తేలేది మూడో భాగంలోనే.

ఊరట కోసం చదివినా తప్పేమీ లేదు. బెకీ చేంబర్స్ రాసిన ‘ఎ సామ్ ఫర్ ద వైల్డ్-బిల్ట్’ (2021) అలాంటి పుస్తకం. మనుషుల్ని వదిలి అడవులకు వెళ్ళిపోయిన రోబోల్లో ఒకటి, తరాలు గడిచాక తిరిగొచ్చి, మనుషులకు ఏం కావాలో తెలుసుకుందామని వచ్చానంటుంది. హాయిగా సాగిపోయే ఆ చిన్న పుస్తకంలో ఆ ప్రశ్నకు మాత్రం ఎవరి దగ్గరా తేలికైన జవాబు లేదు.

అపోహ: మాయలు ఉన్న కథలో ఏదైనా జరగొచ్చు, అందుకే టెన్షన్ ఉండదు

ఏడు సముద్రాల అవతల, మర్రిచెట్టు తొర్రలో, చిలుకలో మాంత్రికుడి ప్రాణం ఉందని విన్నప్పుడు మనకు టెన్షన్ ఎక్కడిది? ఆ నియమం వల్ల వచ్చిందే కదా. కత్తితో వాడు చావడు, చిలుక దొరికి తీరాలి. మాయకు హద్దు గీసిన చోటే కథ మొదలవుతుందని మనకు చిన్నప్పుడే తెలుసు. పెద్దయ్యాక మరిచిపోయాం.

ఈ మధ్య వచ్చినవాటిలో దీన్ని బాగా వాడుకున్న నవల ఆర్.ఎఫ్. క్వాంగ్ రాసిన ‘బేబెల్’ (2022). కథ 1830ల నాటి ఆక్స్‌ఫర్డ్‌లో జరుగుతుంది. వెండి కడ్డీకి ఒక పక్క ఒక భాషలోని మాట, ఇంకో పక్క మరో భాషలో దానికి దగ్గరి మాట చెక్కుతారు. అనువాదంలో జారిపోయిన అర్థం ఏదైతే ఉందో, అదే మాయగా పనిచేస్తుంది. రెండు భాషలూ లోతుగా వచ్చినవాళ్ళు పలికితేనే ఆ మాయ పలుకుతుంది. ఇక్కడి నుంచి రచయిత్రి వేసిన అడుగులు చూడండి. యూరప్ భాషలు ఒకదాన్నుంచి ఒకటి మాటలు తీసుకుంటూ దగ్గరైపోతున్నాయి కాబట్టి వాటి మధ్య జారిపోయే అర్థం తగ్గిపోతోంది. అంటే సామ్రాజ్యానికి దూరదేశాల భాషలు కావాలి. ఆ భాషలు పుట్టుకతో వచ్చిన పిల్లలు కావాలి. చైనాలోని కాంటన్ నుంచి ఒక కుర్రాణ్ణి ఆక్స్‌ఫర్డ్‌కు తీసుకొచ్చేది అందుకే. ఒక్క నియమం పెట్టి, దాని వెనకే వలస పాలన మొత్తాన్ని లాక్కొచ్చారు. రెండో సగంలో పాత్రలు మాట్లాడాల్సిన చోట వ్యాసం మాట్లాడుతున్నట్టు ఉంటుంది, అది నాకు నచ్చలేదు. మొదటి సగం మాత్రం భాషను ప్రేమించే ఎవరైనా చదవాలి.

రాబర్ట్ జాక్సన్ బెనెట్ రాసిన ‘ద టెయింటెడ్ కప్’ (2024) మరో ఉదాహరణ. ఒక మనిషి శరీరంలోంచి చెట్టు మొలిచి అతన్ని చీల్చేస్తుంది. అక్కడి నుంచి అచ్చమైన హత్యా పరిశోధన నడుస్తుంది. ఆ లోకపు మొక్కల, మందుల నియమాలన్నీ ముందే మన ముందు పెట్టేస్తారు కాబట్టి హంతకుణ్ణి మనమూ పట్టుకోవచ్చు. నేను పట్టుకోలేకపోయాను. వెనక్కి తిప్పి చూస్తే ఆధారాలన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి.

నియమాలన్నీ విప్పి చెప్పి తీరాలని కూడా లేదు. సుసానా క్లార్క్ ‘పిరనేసి’ (2020)లో అంతులేని గదులు, విగ్రహాలు, కింది అంతస్తుల్లో పోటెత్తే సముద్రం ఉన్న ఇల్లు ఎలా పుట్టిందో పూర్తిగా తెలియదు. అక్కడ బతికే మనిషికి మాత్రం ఏ పోటు ఎప్పుడొస్తుందో, ఏ హాల్లో నీళ్ళు ఎంత ఎత్తు లేస్తాయో కచ్చితంగా తెలుసు. అతని నమ్మకమే మనల్ని నడిపిస్తుంది. గత పదేళ్ళలో నాకు అన్నిటికంటే ఇష్టమైన నవల ఇదే.

అపోహ: సైన్స్ రాకపోతే సైన్స్ ఫిక్షన్ అర్థం కాదు

ఆండీ వియర్ ‘ద మార్షియన్’లో కథకు మూలం అంగారకుడి మీద వచ్చిన తుఫాను. అక్కడి వాతావరణ పీడనం భూమి మీద ఉన్నదాంట్లో ఒక శాతం కూడా ఉండదు. అంత పలచని గాలి ఎంత వేగంగా వీచినా రాకెట్టును పడగొట్టే స్థితికి తేలేదు. ఆ సంగతి తెలిసే రాశానని రచయిత స్వయంగా ఒప్పుకున్నారు. సైన్స్ లెక్కల మీద నడిచే నవలగా పేరున్న దానికే పునాదిలో ఒక అబద్ధం ఉంది. చదివేవాళ్ళకు అది అడ్డు రాలేదు. ఒంటరిగా మిగిలిపోయిన మనిషి తిండి, గాలి, నీళ్ళు లెక్కపెట్టుకుంటూ ఒక్కో రోజూ గడపడం అర్థం కావడానికి డిగ్రీ అవసరం లేదు.

ఇంకో వైపు, మంచి సైన్స్ మనకు తెలియని జీవి మీద ప్రేమ పుట్టిస్తుంది. ఏడ్రియన్ చైకోవ్‌స్కీ ‘చిల్డ్రన్ ఆఫ్ టైమ్’ (2015)లో, కోతుల తెలివి పెంచడానికి తయారు చేసిన వైరస్ సాలెపురుగులకు చేరుతుంది. తరతరాలుగా వాటి నాగరికత ఎదుగుతుంది. ఆయన ఎంచుకున్న పోర్షియా జాతి సాలీళ్ళు నిజంగానే ఉన్నాయి. వేట కంటికి కనిపించకుండా పోయినా, చుట్టుదారి గుర్తుపెట్టుకుని వెళ్ళి పట్టుకుంటాయి. రచయిత జంతుశాస్త్రం చదివినవారు. సాలెపురుగంటే భయపడే ఒకావిడ మా బృందంలో ఉన్నారు. వద్దంటూనే మొదలుపెట్టి, చివరికి మనుషుల అధ్యాయాలు వచ్చినప్పుడల్లా ‘మళ్ళీ వాటి దగ్గరికి ఎప్పుడు వెళ్తాం’ అని అడిగారు. నాకూ అలాగే అనిపించింది. అంతరిక్ష నౌకలో ప్రయాణించే మనుషుల గొడవలు సగానికి తగ్గించినా నష్టం లేదు.

అపోహ: భవిష్యత్తును ముందే చెబితేనే గొప్ప సైన్స్ ఫిక్షన్

సైన్స్ ఫిక్షన్ జోస్యం కాదని, ఉన్నదాన్ని వర్ణించడమేనని ఉర్సులా లెగ్విన్ 1976లోనే తన నవలకు రాసిన ముందుమాటలో చెప్పారు. కజువో ఇషిగురో ‘క్లారా అండ్ ద సన్’ (2021) వచ్చిన రెండేళ్ళ లోపే చాట్‌జీపీటీ వచ్చింది. అప్పటి నుంచి ఆయన అంతా ముందే చెప్పారని అనడం వింటున్నాను. ఎండతో నడిచే ఒక యంత్రం సూర్యుణ్ణి దేవుడిగా నమ్మి, జబ్బుపడ్డ పిల్ల కోసం మొక్కుకోవడం ఆ కథ. అందులో జోస్యం వెతికితే ఆ మొక్కు కళ్ళ ముందు నుంచే జారిపోతుంది.

అపోహ: అన్నీ లావు పుస్తకాలే, మొదలుపెడితే పది సంపుటాలు

లావువి ఉన్నాయి. బ్రాండన్ శాండర్సన్ ‘విండ్ అండ్ ట్రూత్’ (2024) 1,300 పేజీలు దాటింది, పైగా అది ఐదో భాగం. కానీ మార్తా వెల్స్ ‘ఆల్ సిస్టమ్స్ రెడ్’ (2017) ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. తన మీది అదుపును తానే తెంచుకున్న కాపలా యంత్రం ఆ స్వేచ్ఛతో ఏం చేస్తుందంటే, సీరియళ్ళు చూసుకుంటుంది. దాని బిడియం చూసి నేను కరిగిపోయాను. సమాంతా హార్వీ ‘ఆర్బిటల్’కు 2024 బుకర్ బహుమతి వచ్చింది. ఆరుగురు వ్యోమగాములు, ఒక్క రోజు, భూమి చుట్టూ 16 ప్రదక్షిణలు, 140 లోపు పేజీలు. అది సైన్స్ ఫిక్షనేనా అని వాదించుకుంటారు. ఏ అరలో పెట్టినా నాకు ఫరవాలేదు, చదివితే చాలు.

అపోహ: అవార్డు వచ్చిందంటే అదే ఆ ఏడాది గొప్ప నవల

ఎవరు ఇస్తున్నారో చూసుకోవాలి. హ్యూగోకు ఓటు వేసేది ఏటా జరిగే సైన్స్ ఫిక్షన్ మహాసభ వరల్డ్‌కాన్ సభ్యత్వం తీసుకున్న పాఠకులు, అభిమానులు. నెబ్యులా అనే మరో అవార్డుకు ఓటు సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచయితల సంఘం సభ్యులది. ఆర్థర్ సి. క్లార్క్ అవార్డును న్యాయనిర్ణేతలు నిర్ణయిస్తారు. పైన చెప్పిన ‘బేబెల్’ 2023లో నెబ్యులా గెలిచింది. అదే ఏడాది హ్యూగోకు అది అర్హం కాదని పక్కన పెట్టారు, కారణం చెప్పలేదు. ఓట్ల లెక్కలు 2024 జనవరిలో బయటికొచ్చాక పెద్ద దుమారమే రేగింది. అందుకే గెలిచిన ఒక్కదాన్నే కాకుండా తుది జాబితా మొత్తం చూడమని మా వాళ్ళకు చెబుతాను. నాకు బాగా నచ్చినవి ఎక్కువసార్లు ఓడిపోయినవాటిలోనే దొరికాయి.

అపోహ: వీటిని ఇంగ్లీషులోనే చదవాలి, అనువాదంలో పలకవు

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. లియు త్సిషిన్ ‘ద త్రీ-బాడీ ప్రాబ్లమ్’ 2006లో చైనాలో పత్రికలో ధారావాహికగా, 2008లో పుస్తకంగా వచ్చింది. కెన్ లియు ఇంగ్లీషు అనువాదం 2014లో వచ్చి, 2015లో హ్యూగో గెలిచింది. అనువాద నవలకు ఆ అవార్డు రావడం అదే మొదటిసారి. చైనీస్ పుస్తకంలో సాంస్కృతిక విప్లవం నాటి ఘట్టాలు నడిమికి జరిగిపోయాయి. ఇంగ్లీషు అనువాదంలో రచయిత అసలు అనుకున్నట్టు అవి మొదట్లోకి వచ్చాయి. తండ్రిని జనం ముందు కొట్టి చంపుతుంటే చూసిన అమ్మాయితో కథ మొదలైతే, తరవాత ఆమె తీసుకునే నిర్ణయం మనకు వేరేగా వినిపిస్తుంది. అనువాదం ఆ నవలకు చేసిన మేలు అది.

తెలుగులో అయితే ఎలా ఉంటుందని మా బృందంలో ఒకసారి ప్రయత్నించాం. తీసుకున్నది ఆన్ లెకీ ‘ఏన్సిలరీ జస్టిస్’ (2013). చెప్పేది ఒక అంతరిక్ష నౌక. ఒకప్పుడు ఒకేసారి ఎన్నో మనిషి శరీరాల్లో మెలగిన ఆ నౌకకు ఇప్పుడు ఒక్క శరీరమే మిగిలింది. దాని భాషలో ఆడా మగా తేడా లేదు కాబట్టి ఇంగ్లీషులో అందరినీ స్త్రీవాచకంతోనే పిలుస్తారు. ఇంగ్లీషులో చదివేవాళ్ళు అడుగడుగునా తడబడటం రచయిత్రికి కావాల్సిందే.

తెలుగులోకి తెచ్చేసరికి ఇంకో తలుపు తెరుచుకుంది. ‘ఆమె వచ్చింది’, ‘నౌక వచ్చింది’ – మనకు క్రియ ఒకటే. ఇంగ్లీషులో కర్త చెప్పక తప్పదు, ‘షి’ అనో ‘ఇట్’ అనో తేల్చాలి. మనకు కర్త లేకుండానే క్రియ సరిపోతుంది. ఈ కథకురాలు సరిగ్గా ఆ రెండింటి మధ్యే ఉంది. కర్త చెప్పకుండా వాక్యం నడిపితే, వచ్చింది మనిషో నౌకో తేల్చకుండా ఒక పేరా మొత్తం రాసేయొచ్చు. చిక్కు పై అధికారుల దగ్గర వచ్చింది. ‘వారు వచ్చారు’ అంటే ఆడా మగా తేడా పోతుంది కానీ గౌరవం వచ్చి కూర్చుంటుంది. ఆ నౌకకు కొందరు అధికారుల మీద ప్రేమ, కొందరి మీద అసహ్యం. అందరినీ ‘వారు’ అంటే ఆ తేడా చచ్చిపోతుంది. ‘ఆమె వచ్చింది’ అంటే సైనికులు తమ అధికారిని అలా అనరు కదా అని ఒకరు పట్టుబట్టారు. పైకి పలికే మాటల్లో ‘వారు’, నౌక మనసులో మాత్రం ‘ఆమె’ అని ఇంకొకరు అన్నారు. రెండు నెలలు దాని మీదే కూర్చున్నాం. పదకొండు పేజీలు పూర్తయ్యాయి. పైకి ఒకటి, మనసులో ఒకటి అన్న ఆ దారి వైపే నేను ఉన్నాను. పన్నెండో పేజీలో నౌక తన మనసులో మాట ఒకటి పొరపాటున పైకి అనేస్తుందనుకుంటే, అక్కడ ‘ఆమె’ అని రాయాలా ‘వారు’ అని రాయాలా అన్నది వచ్చే నెల తేల్చుకోవాలి.