సొరుగులో దొరికిన పురుగు

2009లో వెనిజులాలోని కనైమా జాతీయ ఉద్యానవనంలో ఆర్థర్ ఆంకర్ అనే జంతుశాస్త్రవేత్త ఒక చిమ్మటను ఫొటో తీశాడు. ఒళ్లంతా తెల్లటి నూగు, నల్లటి గుండ్రటి కళ్లు, దువ్వెనల్లాంటి మీసాలు. అచ్చం బొచ్చుకుక్కపిల్లలా ఉందని దానికి పూడుల్ చిమ్మట అన్న ముద్దుపేరు వచ్చింది. మూడేళ్ల తర్వాత ఆ ఫొటో ఇంటర్నెట్‌లో ఊరూరా తిరిగింది. మీరూ చూసే ఉంటారు. ఇంతమంది చూసిన ఆ ప్రాణికి శాస్త్రంలో మాత్రం ఇప్పటికీ పేరు లేదు. ఎందుకంటే ఫొటో ఉంది గానీ పురుగు లేదు.

ఒక జాతికి పేరు పెట్టాలంటే మామూలుగా ఒక నమూనా కావాలి. దాన్ని సూదికి గుచ్చాలి (పెంకుపురుగుకైతే కుడివైపు రెక్కపెంకులోంచి), పక్కన చిన్న చీటీ పెట్టాలి: ఏ ఊరు, ఏ తేదీ, ఎంత ఎత్తులో, పట్టిందెవరు. చీటీ పోయిన పురుగు ఎంత అందంగా ఉన్నా అద్దాల పెట్టెలో అలంకారానికే పనికొస్తుంది. ఆ తర్వాత అసలు చాకిరీ. ఇదివరకే పేర్లున్న దగ్గరి చుట్టాలన్నిటితో దాన్ని పోల్చి చూడాలి. చిమ్మటల్లో రెక్కల రంగుల్ని నమ్మితే తరచూ మోసపోతాం. అందుకే పొట్ట చివరి భాగం తీసి, క్షారంలో మెత్తటి కండనంతా కరిగించి, మిగిలిన జననాంగాల గట్టి భాగాల ఆకారాన్ని మైక్రోస్కోపు కింద చూస్తారు. పైకి కవలల్లా కనిపించిన రెండు చిమ్మటల గుట్టు అక్కడ బయటపడుతుంది.

అడవిలో పట్టుకోవడం ఈ కథలో సగమే. 1848లో హెన్రీ వాల్టర్ బేట్స్, ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ అనే ఇద్దరు ఇంగ్లీషు కుర్రాళ్లు అమెజాన్ ముఖద్వారం దగ్గరి పారా రేవులో దిగారు. ఇప్పటి బెలెం నగరమే అది. ఇద్దరికీ డిగ్రీలు లేవు, ఆస్తి అసలే లేదు. అదనంగా దొరికిన పురుగుల్ని లండన్‌లో అమ్మి ఖర్చులు రాబట్టుకోవాలన్నది వాళ్ల పథకం. బేట్స్ అక్కడే 11 ఏళ్లు ఉండిపోయాడు. 14,000కు పైగా జాతుల్ని సేకరించాడు, ఎక్కువ భాగం పురుగులే. వాటిలో 8,000 దాకా కొత్తవి. అయితే కొత్తవని తేలింది అమెజాన్ ఒడ్డున కాదు, లండన్ బల్లల మీద. ఇంటికి తిరిగొచ్చాక బేట్స్ రాయల్ జాగ్రఫికల్ సొసైటీలో ఉద్యోగం చేస్తూ, పొడుగు మీసాల పెంకుపురుగుల్నీ నేల మీద వేటాడే పెంకుపురుగుల్నీ వర్ణిస్తూ దశాబ్దాలు గడిపాడు. అడవిలో గడిపిన 11 ఏళ్లకంటే ఈ బల్ల ముందు కూర్చున్న ఏళ్లే ఎక్కువ.

వాలెస్‌కి ఆ అదృష్టం లేదు. 1852లో తిరిగొస్తుండగా అట్లాంటిక్ నడుమ అతని ఓడ అంటుకుంది. పది రోజులు చిన్న పడవలో కొట్టుకుపోయి ప్రాణాలతో బయటపడ్డాడు గానీ, వెంట తెస్తున్న పురుగులు బూడిదైపోయాయి.

చిమ్మటల్ని పట్టే పద్ధతి మనకు కొత్తేమీ కాదు. తొలకరి సాయంత్రాల్లో ట్యూబులైటు చుట్టూ ఏం జరుగుతుందో తెలుగిళ్లలో ఎవరినడిగినా చెబుతారు. శాస్త్రవేత్తలు వెన్నెల లేని రాత్రి తెల్లగుడ్డ కట్టి, అతినీలలోహిత దీపం వెలిగించి కూర్చుంటారు, అంతే తేడా. దక్షిణ ఈక్వెడార్‌లో ఆండీస్ వాలు మీద, సుమారు 1,000 నుంచి 3,000 మీటర్ల ఎత్తు దాకా, గున్నార్ బ్రెమ్ బృందం ఇలాగే ఒక్క జామెట్రిడ్ కుటుంబం చిమ్మటల్ని సేకరించింది. వీటి గొంగళ్లు మన ఆముదం చేలలో నామాల పురుగులా వీపు పైకి వంచి, నేలను జానలతో కొలుస్తున్నట్టు నడుస్తాయి. (నామాల పురుగుది వేరే కుటుంబం, నడకలోనే పోలిక.) మొదట ఆకారాన్ని బట్టి లెక్కేస్తే 1,010 జాతులు తేలాయి. తర్వాత ఇంకొన్ని చోట్లు కలుపుకుని, 14,603 చిమ్మటల్ని డీఎన్ఏ సాయంతో మళ్లీ విడదీశారు. ఒక్క కాలు తుంచితే చాలు, అందులోని ఒక జన్యువులో దాదాపు 650 అక్షరాల ముక్క చదువుతారు. 2016లో ప్రచురించిన లెక్క 1,857. ఒకే జాతి అనుకున్నవి చాలాచోట్ల రెండు మూడుగా విడిపోయాయి.

ఇక్కడ నాదొక చిన్న అభ్యంతరం. డీఎన్ఏ వచ్చింది కాబట్టి పని అయిపోయిందంటారు కొందరు. అది ఇచ్చేది ఒక గుర్తింపు సంఖ్య మాత్రమే. ఆ సంఖ్య ఉన్న చిమ్మటకు వందేళ్ల కిందటే ఎవరో పేరు పెట్టేశారా, లేదా? ఆ జవాబు ఏదో మ్యూజియంలో, ఏదో సొరుగులో ఉన్న పాత నమూనా దగ్గరే ఉంటుంది.

పెంకుపురుగుల లెక్క ఇంకా విచిత్రం. టెర్రీ ఎర్విన్ అనే అమెరికన్, దక్షిణ అమెరికా గుమ్మంలాంటి పనామాలో ఒకే జాతికి చెందిన 19 చెట్లకు పొగ మందు కొట్టి, కింద పరిచిన గుడ్డల మీద రాలినవాటిని ఏరాడు. దాదాపు 1,200 జాతుల పెంకుపురుగులు! దాన్నిబట్టి గుణించి, ఉష్ణమండలంలో కీటకాలూ వాటి చుట్టాలూ కలిపి 3 కోట్ల జాతులు ఉండొచ్చని 1982లో రాశాడు. ఒక్కో చెట్టుకీ ప్రత్యేకంగా ఎన్ని పురుగులుంటాయన్న ఊహ దగ్గర లెక్క ఉబ్బిందని తర్వాతివాళ్లు తేల్చారు. ఇప్పటి అంచనాల్లో కీటకాలు 55 లక్షల దగ్గర ఉన్నాయి. అలా తగ్గినా, మనం ఇప్పటిదాకా పేర్లు పెట్టింది వాటిలో 10 లక్షల చిల్లరకే.

పురుగుల కొరత కాదు, కూర్చుని చూసేవాళ్ల కొరత. ఏ ప్రాణి అయినా సరే, పట్టుకున్న రోజు నుంచి పేరు వచ్చేదాకా సగటున 21 ఏళ్లు పడుతోందని 2012లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. ఈలోపు సొరుగుకు ఏమైనా కావచ్చు. 2018 సెప్టెంబరు 2 రాత్రి రియో డి జనీరోలోని జాతీయ మ్యూజియం తగలబడినప్పుడు సుమారు 50 లక్షల కీటకాలు పోయాయి. పేరు పెట్టాల్సినవి వాటిలో ఎన్ని ఉండేవో ఇక లెక్కపెట్టే దారి లేదు.

కొన్ని మాత్రం ఓపిగ్గా ఎదురుచూస్తాయి. 1832లో చార్లెస్ డార్విన్ అదే రియో దగ్గర ఒక్కరోజులో 68 జాతుల పెంకుపురుగులు పట్టానని మురిసిపోయాడు. ఆ ఏడాదే ఉష్ణమండలం దాటి ఇంకా దక్షిణానికి, అర్జెంటీనాలోని బాహియా బ్లాంకాకు వెళ్లి, పొట్టి రెక్కపెంకులు, రంపం పళ్లలాంటి మీసాలు ఉన్న ఒక పురుగును పట్టాడు. అది లండన్ చేరి, సొరుగుల్లో ఎక్కడో మరుగున పడిపోయింది. స్టిలియానోస్ హట్జిమనోలిస్ అనే నిపుణుడు వేరే పని మీద అరువు తెప్పించుకున్న నమూనాల్లో అది బయటపడింది. 2014లో, సరిగ్గా డార్విన్ పుట్టినరోజున, దానికి డార్వినిలస్ అనే కొత్త ప్రజాతి పేరుతో వర్ణన వెలువడింది. పట్టుకున్న 182 ఏళ్లకు! అలాంటిది ఇంకొకటి బెర్లిన్ మ్యూజియంలో ఉంది. ప్రపంచం మొత్తానికి తెలిసినవి ఆ రెండే. వాటిని పట్టిన నేలలు ఈలోగా చాలావరకు పొలాలైపోయాయి.