అవసరమైనవాళ్లకు ఆఖర్న అందుతున్న బ్రేకు

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 44 శాతానికి పైగా టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్లే. అయినా వంద సీసీ బండికి కూడా ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉండి తీరాలన్న ముసాయిదా కేంద్రం నుంచి రావడానికి 2025 జూన్ దాకా పట్టింది.

గట్టిగా బ్రేకు పడితే చక్రం తిరగడం ఆగిపోతుంది కానీ బండి ఆగదు, జారుతూ పోతుంది. అప్పుడు స్టీరింగ్ ఎటు తిప్పినా లాభం లేదు. దీనికి మందు ముందుగా విమానాలకు దొరికింది. 1950ల మొదట్లో డన్‌లప్ కంపెనీ మాక్సరెట్ అనే పరికరం తెచ్చింది. రన్‌వే మీద చక్రం బిగుసుకోబోతే అది బ్రేకును క్షణం వదిలి మళ్లీ పట్టేది.

1958లో బ్రిటన్ రోడ్ రీసెర్చ్ లాబొరేటరీ ఆ మాక్సరెట్‌నే రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియోర్ బైకుకు బిగించి చూసింది. జారుడు రోడ్ల మీద, చక్రం బిగుసుకున్నప్పటితో పోలిస్తే, ఆగే దూరం 30 శాతం దాకా తగ్గింది. బైకులకు ఇది ఎంతో మేలని పరీక్షల్లోనే తేలింది. కానీ రాయల్ ఎన్‌ఫీల్డ్ టెక్నికల్ డైరెక్టర్‌కు దాని మీద గురి కుదరలేదు, అది తయారీదాకా వెళ్లలేదు. నా దృష్టిలో ఈ కథలో అసలు నష్టం జరిగింది అక్కడే. 1966లో జెన్సెన్ ఎఫ్ఎఫ్‌కు, 1978లో బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఏబీఎస్‌తో మెర్సిడెస్ ఎస్ క్లాస్‌కు ఈ సౌకర్యం వచ్చింది. రెండూ సామాన్యుడు కొనలేని కార్లే. బైకు వంతు 1988లో బీఎండబ్ల్యూ కె100తో గానీ రాలేదు.

కార్లలో వచ్చిన ఫలితం అనుకున్నంత గొప్పగా లేదు. జర్మనీలోని మ్యూనిక్‌లో ఏబీఎస్ ఉన్న ట్యాక్సీలనూ లేనివాటినీ పోల్చి చూస్తే ప్రమాదాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. బ్రేకు మీద ధీమాతో డ్రైవర్లు దూకుడు పెంచారు. అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ 2009లో లెక్క తీస్తే, కార్లలో ప్రాణాపాయం లేని ప్రమాదాలు 6 శాతం తగ్గాయి, ప్రాణాలు తీసే ప్రమాదాలు మాత్రం మొత్తమ్మీద దాదాపు అలాగే ఉన్నాయి. ఎదుటి బండిని గుద్దడం తగ్గినా, రోడ్డు దాటి పక్కకు దూసుకుపోయేవి పెరిగాయి.

వాడేవాళ్లకు తెలియకపోవడం ఇంకో చిక్కు. ఏబీఎస్ పనిచేసేటప్పుడు పెడల్ కాలికింద టకటకా కొట్టుకుంటుంది. బ్రేకు పాడైందనుకుని చాలామంది కంగారుగా కాలు తీసేస్తారు. తీయకూడదు, అలాగే గట్టిగా తొక్కి పట్టి స్టీరింగ్ తిప్పుకోవాలి. గ్రావెల్ రోడ్డు మీదైతే ఏబీఎస్ ఉన్న కారు ఆగడానికి ఎక్కువ దూరమే తీసుకోవచ్చు, ఎందుకంటే బిగుసుకున్న చక్రం ముందు కంకర పోగై అడ్డుపడుతుంది, తిరిగే చక్రం దాన్ని తొక్కుకుంటూ పోతుంది. కోతల కాలంలో మన ఊళ్ల రోడ్ల మీద ఆరబోసే వడ్ల మీద కూడా దీన్ని నమ్ముకుని స్పీడుగా వెళ్లకూడదు. టైరుకు లేని పట్టును ఏ బ్రేకూ పుట్టించలేదు.

బైకు సంగతి వేరు. ముందు చక్రం బిగుసుకుంటే కారు జారుతుంది, బైకు పడిపోతుంది. అందుకే ఇక్కడ మేలు స్పష్టంగా కనిపిస్తోంది. ఏబీఎస్ ఉన్న బైకుల్లో ప్రాణాలు తీసే ప్రమాదాలు 22 శాతం తక్కువని అమెరికాలో బీమా కంపెనీలు నడిపే హైవే భద్రతా సంస్థ తేల్చింది.

మన దగ్గర 125 సీసీ దాటిన కొత్త మోడళ్లకు 2018 ఏప్రిల్ నుంచి, పాత మోడళ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది. అంతకన్నా చిన్న బండ్లకు ఒక బ్రేకు పడితే రెండు చక్రాలకూ పడే కాంబీ బ్రేకు చాలన్నారు. అది చక్రం బిగుసుకోకుండా ఆపలేదు. జనం ఎక్కువగా కొనేవి ఆ చిన్న బండ్లే. 2026 జనవరి నుంచి వాటికీ ఏబీఎస్ పెట్టాలన్న ప్రతిపాదన వచ్చాక, ధర పెరుగుతుందని కంపెనీలు అభ్యంతరం చెప్పాయి. ధర పెరగడం నిజమే, కొనేవాడికి ఆ కొన్ని వేలూ భారమే. అందుకు పన్ను తగ్గించమని అడగొచ్చు గానీ, బ్రేకు వద్దనడం మాత్రం నేను ఒప్పుకోను.