పోగు తెగితే మగ్గం ఆగాలి

చిరంజీవులైన మనవళ్లకు, మనవరాళ్లకు తాత ఆశీస్సులు.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ చూసొచ్చాక మీరు ఫోన్‌లో ఒక మాట అడిగారు. మిషన్లు డబ్బుంటే ఎవరైనా కొంటారు, చదువుకున్నవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు, మరి కొన్ని కంపెనీలే ఏళ్ల తరబడి మంచి పేరుతో ఎట్లా నిలబడతాయి అని. ఫోన్‌లో తెగే విషయం కాదని ఉత్తరం రాస్తున్నాను.

ధర్మవరంలో పట్టుచీర నేసేవాళ్లను ఒకసారి దగ్గరగా చూడండి. పడుగులో, అంటే నిలువు దారాల్లో, వేల పోగులుంటాయి. వాటిలో ఒక్కటి తెగినా చెయ్యి ఆగిపోతుంది. తెగిన కొసను వేళ్లతో వెతికి పట్టుకుని, ముడేసి, దువ్వెనలాంటి అచ్చులోంచి లాగి, బిగువు చూసుకుని గానీ అడ్డదారం తీసుకెళ్లే నాడె మళ్లీ కదలదు. చూసుకోకుండా నేస్తూ పోతే చీరలో సన్నని గీత పడుతుంది. అది ఎంత దూరం పోతే అంత మజూరీ కోత.

జపాన్‌లో సకిచి టయోడా అనే వడ్రంగి కొడుక్కి ఇదే పట్టింపు ఉండేది. చేతిమగ్గం మీద మనిషి కన్ను ఉంటుంది, మరమగ్గానికి అది లేదు. దారం తెగినా అది చెడ్డ బట్ట నేస్తూనే ఉంటుంది. అందుకే ఆయన దారం తెగగానే తనంతట తానే ఆగిపోయే మరమగ్గం తయారుచేశాడు. 1924కల్లా పూర్తి ఆటోమేటిక్ మగ్గం వచ్చింది. ఒక్కో మగ్గానికి ఒకరు కాపలా ఉండే పని తప్పి, ఒక్కరే చాలా మగ్గాలు చూసుకోగలిగారు. ఆ మగ్గాల కంపెనీలో ఆయన కొడుకు కీచిరో మొదలుపెట్టిన కార్ల విభాగమే 1937లో టయోటా మోటార్ కంపెనీ అయింది.

మగ్గంతోపాటు ఆ పట్టింపు కూడా కార్లలోకి వచ్చింది. టయోటా ఫ్యాక్టరీలో లైను పొడుగునా ఒక తాడు ఉంటుంది. బోల్టు సరిగా కూర్చోకపోతే అక్కడ పనిచేసే మనిషి దాన్ని లాగుతాడు. బోర్డు మీద లైటు వెలుగుతుంది, టీమ్ లీడర్ పరుగున వస్తాడు. కారు అతను పనిచేసే చోటు దాటేలోపు సంగతి తేలకపోతే లైను ఆగుతుంది. ఒక మామూలు కార్మికుడి చేతిలో అంత అధికారం!

మనుషులు మంచివాళ్లయితే చాలు, అంతా అదే నడుస్తుంది అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. అమెరికాలో ఫ్రీమాంట్ అనే ఊళ్లో జనరల్ మోటార్స్ (జీఎం) అనే కార్ల కంపెనీకి ఒక ఫ్యాక్టరీ ఉండేది. ఏం జరిగినా లైను ఆపకూడదన్నది అక్కడి పద్ధతి. లోపం ఉన్న కారునూ ముందుకు తోసి, తర్వాత బాగుచేసేవాళ్లు. గొడవలు, గైర్హాజరీలు ఎక్కువై 1982లో మూసేశారు. 1984లో అదే చోట జీఎం, టయోటా కలిసి మళ్లీ తెరిచాయి. తీసుకున్నది ఎక్కువగా ఆ పాత కార్మికులనే. వాళ్లలో కొందరిని జపాన్ పంపి పని చూపించారు, అందరికీ తాడు చేతికిచ్చారు. కొద్దికాలానికే అక్కడి కార్లు నాణ్యతలో జీఎం మిగతా ఫ్యాక్టరీలకు దీటుగా, చాలాచోట్ల అంతకన్నా మెరుగ్గా వచ్చాయి. మనుషులు వాళ్లే! కానీ ఆ పద్ధతి జీఎం అంతటా పాకడానికి చాలా ఏళ్లు పట్టింది. తాడు ఎవరైనా కట్టొచ్చు. లాగినవాణ్ణి మేనేజరు కసురుకుంటే మర్నాటినుంచి ఎవడూ దాన్ని ముట్టుకోడు.

అట్లాగని టయోటా కూడా శాశ్వతంగా గెలిచింది అనుకోకండి. 2009, 2010లో లక్షలాది కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. సకిచి మునిమనవడు అకియో టయోడా అప్పుడు కంపెనీ ప్రెసిడెంటు. అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) ముందు కూర్చుని, మేము పెరిగిన వేగం మరీ ఎక్కువైందేమో, ఆ తొందరలో మా ప్రాధాన్యాల వరుస తారుమారైంది అన్న అర్థం వచ్చేలా చెప్పాడు. అంత పెద్ద కంపెనీ పెద్ద అందరి ముందూ అట్లా చెప్పడం నాకు చాలా గొప్పగా అనిపించింది.

పెద్దోడా, వచ్చే ఏడాది నీకు క్యాంపస్ ఇంటర్వ్యూలు. జీతం ఎంత, ఊరు ఏది అని ఎట్లాగూ అడుగుతావు. ఇంకొకటి కూడా అడుగు నాయనా. మీ దగ్గర కొత్తగా చేరిన కుర్రవాడు తప్పు కనిపెట్టి పని ఆపిన సందర్భం ఏదైనా ఉందా, ఆపాక పైవాళ్లు అతనితో ఏమన్నారు? అని. చెప్పేవాళ్ల మొహాలు కూడా గమనించు. వాళ్లేమన్నారో నాకు రాయి.

ఇట్లు,
మీ తాత,
అనంతపురం