లెక్కలోకి రాని కాలినడక: రైలు గేట్ల తొలగింపు వెనుక కథ

పొలాలను, ఊళ్లను చీల్చుకుంటూ రైలు లైను వేసినప్పుడు తెగిపోయిన దారులకు బదులుగా క్రాసింగులు, తూములు కట్టివ్వాలని 1890 నాటి రైల్వే చట్టమే చెప్పింది. అయితే లైను తెరిచిన పదేళ్ల తర్వాత అడిగే అదనపు దారుల ఖర్చు సాధారణంగా రైల్వే మీద పడదు. చాలా ఊళ్లు రైలు కట్టకు అవతలి వైపు పెరిగింది ఆ గడువు దాటాకే. బడి, బస్టాపు అటు వెలిశాయి. జనం నడిచి నడిచి కట్ట మీద దారి పడింది.

గేటుకు కాపలా పెట్టాలా, వంతెన కట్టాలా అన్నది ఎక్కువగా టీవీయూ (ట్రెయిన్ వెహికల్ యూనిట్) లెక్కతో తేలేది. రోజుకు నడిచే రైళ్లను, దాటే వాహనాల యూనిట్లతో గుణిస్తే వచ్చే అంకె అది. లారీ, కారు, ఎడ్లబండి ఒక్కో యూనిట్. ఆటో, సైకిల్ రిక్షా అర యూనిట్. లక్ష దాటితే రైల్వే, రాష్ట్రం చెరిసగం ఖర్చుతో ఓవర్ బ్రిడ్జికి అర్హత. నడిచేవాళ్లకు ఇందులో యూనిట్టే లేదు. వెయ్యి మంది బడిపిల్లలు దాటినా, బండి పోకపోతే టీవీయూ సున్నా. అసలు లోపం ఇదే.

గేట్లన్నీ అయిదేళ్లలో తీసేయాలని 2012లో రైల్వే భద్రతను సమీక్షించిన కాకోద్కర్ కమిటీ చెప్పింది. పట్టాలు దాటుతూ ఏటా సుమారు 15 వేల మంది చనిపోతున్నారని కూడా ఆ నివేదికే చెప్పింది. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటులో స్కూలు బస్సును ప్యాసింజర్ రైలు ఢీకొట్టింది. 2018 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్ దగ్గర అలాంటి ప్రమాదంలోనే 13 మంది పిల్లలు పోయారు. ఆ తర్వాత పని పరుగెత్తింది. 2019 జనవరి చివరికి బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాల) లైన్లలో కాపలా లేని గేట్లు లేకుండా పోయాయి.

కొన్నిటికి గేట్‌మన్‌ను పెట్టారు, కొన్నిచోట్ల సబ్‌వే కట్టారు, కొన్నిటిని పక్క గేటులో కలిపారు, కొన్నిటిని మూసేశారు. కలపడం బైకుకు రెండు నిమిషాల తేడా. గడ్డిమోపుతో నడిచే మనిషికి అర గంట. అందుకే కంచె ఎన్నిసార్లు కట్టినా పాత దారి దగ్గరే తెగుతుంది. అక్కడ దాటితే 1989 రైల్వే చట్టం సెక్షన్ 147 కింద ఆరు నెలల వరకు జైలు. ఆ భయం ఎవరినీ ఆపలేదు. ఈలోగా రైలు వేగం పెరిగింది: గంటకు 130 కిలోమీటర్ల రైలు పది సెకన్లలో 360 మీటర్లు వస్తుంది. బరువుతో జంట లైను దాటడానికి ఇంచుమించు అంతే సమయం పడుతుంది.

కాలివంతెన కడితే సరిపోతుందనుకోవడం పొరపాటు. కరెంటు తీగల వల్ల అది పట్టాలకు 6 మీటర్ల పైన ఉండాలి. అంటే 15 సెంటీమీటర్ల మెట్లు నలభైకి పైగా. 1:12 వాలు ర్యాంపు అయితే ఒక్కో పక్క 72 మీటర్లు. ముసలివాళ్లు ఎక్కరు, సైకిలు ఎక్కదు. అదే పట్టాల కింద నుంచి అయితే మనిషికి 2.5 మీటర్ల ఎత్తు బాక్సు, అంటే పెట్టెలాంటి కాంక్రీటు దారి, చాలు. కట్ట ఎత్తుగా ఉంటే నేల మట్టానికే నడిచిపోవచ్చు.

కొన్ని గంటల ట్రాఫిక్ బ్లాక్ తీసుకుని, అంటే ఆ లైనులో రైళ్లు ఆపి, పట్టాలు విప్పి, కట్ట తవ్వి, ముందే పోసిన కాంక్రీటు బాక్సులను క్రేన్‌తో దించి, మట్టి, కంకర నింపి మళ్లీ పట్టాలు వేస్తారు. కట్ట సర్దుకునే వరకు రైళ్లు నెమ్మదిగా పోతాయి. బ్లాక్ దొరకని చోట, కట్ట ఎత్తుగా ఉంటే, హైడ్రాలిక్ జాకీలతో బాక్సును పక్కనుంచి నెడతారు.

చెడేది నీళ్ల దగ్గర. బాక్సు అడుగుభాగం నేలమట్టం కంటే కిందికి పోతే వానకు అది చెరువే, జనం మళ్లీ పట్టాలెక్కుతారు. దిగేచోట చిన్న మిట్ట, దానికి ముందు అడ్డంగా జాలీ కాలువ, వాలు మీద రేకు కప్పు, నీరు దానంతటదే వాగులోకి పోయే పైపు డిజైన్‌లోనే ఉండాలి. మోటారు మీదే ఆధారపడితే కరెంటు పోయిన రాత్రి దారి మూసుకుపోతుంది.

గేటు మూసేముందు బడి వేళ, తెల్లవారుజామున నడిచేవాళ్లను లెక్కపెట్టి, పాత దారి ఉన్నచోటే బాక్సు పెట్టాలి. మూడో లైను వేస్తున్న చోట్ల ఇప్పుడే అడగాలి: కొత్త కట్ట పోయకముందే బాక్సు దించితే ఆ లైనుకు విడిగా బ్లాక్ అక్కర్లేదు.