ఫాస్టాగ్ చెప్పేది ఒక్క నంబరే

తిరుమల కొండెక్కే వాహనాలకు 2025 ఆగస్టు 15 నుంచి అలిపిరి తనిఖీ కేంద్రం దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి చేసింది తితిదే. లేనివారికి అక్కడే ట్యాగ్ అంటించే ఏర్పాటు కూడా ఉంది. చిత్తూరు వైపు నుంచి వచ్చేవారికి కాశిపెంట్ల టోల్‌ప్లాజాలోనే ఇది అలవాటైపోయింది. అద్దం మీది ఆ స్టిక్కరు మాత్రం నిన్న మొన్నటి ఆలోచన కాదు.

తన మీద పడిన రేడియో తరంగాలనే తిప్పికొట్టి సమాచారం పంపవచ్చని 1948లో హ్యారీ స్టాక్‌మన్ ఒక వ్యాసంలో వివరించారు. అద్దంతో ఎండను తిప్పి సైగ చేయడం లాంటిదే. 1973లో ఇలాంటి ట్యాగుకు పేటెంటు పొందిన మారియో కార్డుల్లో అనే ఆవిష్కర్త, టోలు వసూలుకు అది పనికొస్తుందని ముందే ఊహించారు. 1991 నాటికి అమెరికాలోని ఓక్లహోమాలో వాహనం వేగం తగ్గించకుండానే టోలు కట్టేసేవారు.

మన దేశంలో టోలు వసూలుకు ఏ పద్ధతి మేలో తేల్చే పని 2010లో నందన్ నీలేకని కమిటీకి అప్పగించారు. ఐరోపాలో కార్లలో అమర్చే 5.8 గిగాహెర్ట్జ్ రేడియో పరికరం ఖరీదైనది. బ్యాటరీ అక్కర్లేని స్టిక్కరు చవక. కమిటీ స్టిక్కరుకే ఓటేసింది. కోట్ల వాహనాలకు అంటించాల్సిన చోట అది సరైన లెక్కే. 2017 డిసెంబరు నుంచి కొత్త కార్లకు, 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల టోల్‌ప్లాజాల్లో అందరికీ అది తప్పనిసరైంది.

టోల్‌ప్లాజా వరుస పైన ఉన్న రీడరు అనే యంత్రం పంపే తరంగాల నుంచే ట్యాగులోని చిప్పు శక్తి తీసుకుని, తన నంబరు వినిపిస్తుంది. అంతే. ఖాతాలో డబ్బుందా, బండి ఏ తరగతిది అన్నవన్నీ బ్యాంకుల కంప్యూటర్లు చూసుకుంటాయి. ట్యాగును అద్దానికి అంటించకుండా చేత్తో పట్టుకుని చూపిస్తే వరుస నిలిచిపోతుంది. అలాంటివాటిని బ్లాక్‌లిస్టులో పెడతామని జాతీయ రహదారుల సంస్థ 2025లో ప్రకటించాల్సి వచ్చింది.

ముందున్న ప్రమాదం గురించి బండికి రోడ్డే కబురు చెప్పడం వేరే కథ. దీనికోసం అమెరికా 1999లో 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర 75 మెగాహెర్ట్జ్ వెడల్పున్న రేడియో తరంగాల పట్టీని కేటాయించింది. వైఫై ఆధారిత పద్ధతా, సెల్‌ఫోన్ నెట్‌వర్క్ పద్ధతా అన్న తగువులో ఏళ్లు గడిచాయి. కార్లలోకి పరికరాలు పెద్దగా రాలేదు. చివరికి 2020లో అందులో 45 మెగాహెర్ట్జ్‌ను వైఫై వంటి అవసరాలకు మళ్లించారు.

నిజానికి ఘాట్‌రోడ్డుకు కావలసింది ఈ రెండోదే. 2021 డిసెంబరు 1న రెండో ఘాట్‌రోడ్డు మీద కొండచరియలు విరిగిపడినప్పుడు, వెనుక మలుపులో ఉన్న డ్రైవరుకు ఆ సంగతి చెప్పగల సాధనం స్టిక్కరు కాదు.

స్టిక్కరు చేయగల పని మరొకటుంది. ఘాట్‌లో బయలుదేరిన సమయం వేసిన చీటీ ఇచ్చి, నిర్ణీత సమయం కన్నా ముందే చేరినవారికి జరిమానా వేసే పద్ధతి ఇక్కడివారికి తెలిసిందే. దారి రెండు చివర్లా రీడర్లు ఉంటే ఆ లెక్కను ఉన్న ట్యాగుతోనే కట్టవచ్చు. బండికి కొత్త పరికరం ఏదీ అక్కర్లేదు.