తాళం నువ్వు తప్పలేదురా చిన్నోడా

చిన్నోడా, చిట్టీ,

మీరిద్దరూ కలిసి కంప్యూటర్లో అమ్మవారి పాట రికార్డు చేస్తున్నారు కదా. మొన్న ఫోన్లో చిన్నోడు ఏడుపు గొంతేసుకుని "తాతయ్యా, నేను తాళంలోనే పాడుతున్నా, హెడ్‌ఫోన్లో నా గొంతే నాకు లేటుగా వస్తోంది" అన్నాడు. నేను నవ్వాను. ఫోన్ పెట్టేశాక అనిపించింది, తప్పు వాడిది కాదు కదా అని.

సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర షేర్ ఆటోలు చూశారుగా? సీట్లు నిండేదాకా కదలవు. కంప్యూటర్లో శబ్దం సంగతీ అంతే. మైకులోంచి వచ్చిన గొంతును అది సెకనుకు 44,100 సార్లు కొలుస్తుంది. ఆ కొలతల్ని ఒక్కొక్కటిగా పంపదు, ఓ గుంపు పోగయ్యాక పంపుతుంది. ఆ గుంపే బఫర్. బఫర్ 1024 కొలతలని పెట్టి ఉంటే ఆటో నిండడానికే 23 మిల్లీసెకన్లు. లోపలికో ట్రిప్పు, బయటికో ట్రిప్పు. 46 దాటిందంటే పాడేవాడికి ఇక నరకమే. 128కి తగ్గిస్తే ఒక్కో ట్రిప్పు మూడు మిల్లీసెకన్ల లోపే. అలాగని ఎప్పుడూ 128లోనే ఉంచకండి. ట్రిప్పులు ఎనిమిదింతలవుతాయి, ప్రాసెసర్ అందుకోలేక పాటలో పటపటమని చప్పుళ్లు మొదలవుతాయి. పాడేటప్పుడు 128, మిక్సింగప్పుడు 1024.

చిన్నోడా, చిట్టి అక్క మ్యాక్‌లో ఇంత గొడవ లేదని ఉడుక్కోకు. అందులో శబ్దాన్ని తక్కువ ఆలస్యంతో నడిపే ఏర్పాటు, కోర్ ఆడియో అని, సిస్టంతోపాటే వస్తుంది. విండోస్‌లో మామూలు దారిన వెళ్తే మధ్యలో అన్ని ప్రోగ్రాముల శబ్దాల్నీ కలిపే ఇంకో మిక్సర్ తగులుతుంది. దాన్ని దాటేయడానికే స్టైన్‌బర్గ్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు 1997లో ఆసియో (ASIO) అనే దగ్గరిదారి తెచ్చారు. నీ ఆడియో ఇంటర్‌ఫేస్‌కి, అదే మైకును కంప్యూటర్‌కి కలిపే పెట్టెకి, దాని ఆసియో డ్రైవర్ వేసుకో. ఇక ఆ బ్లూటూత్ హెడ్‌ఫోన్లు తీసి అవతల పెట్టు. బఫర్ ఎంత తగ్గించినా వాటి ఆలస్యం వాటిదే.

అక్క డప్పు వాయించి పంపిన ప్రాజెక్ట్ ఫైలు నీ దగ్గర తెరుచుకోలేదన్నావు. తెరుచుకోదురా, అక్క పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ గ్యారేజ్‌బ్యాండ్, అది విండోస్‌కి లేదు. నావీ కొన్ని పాత పాటలు ఇలాగే పోయాయి. కంప్యూటర్ మార్చాక ఆ సాఫ్ట్‌వేర్ కొత్తదాంట్లో నడవలేదు, ఫైళ్లు మాత్రం ఇప్పటికీ డిస్కులో ఉన్నాయి. మీ అమ్మమ్మ వాటిని "తాతయ్య ఊరగాయలు" అంటుంది.

చిట్టీ, ప్రాజెక్ట్ ఫైలొద్దు. ప్రతి ట్రాక్‌నీ విడిగా, పాట మొదలైన చోటి నుంచే, వేవ్ (WAV) ఫైలుగా, అంటే శబ్దమే ఉన్న ఫైలుగా పంపు. మిడి ఒక్కటే పంపితే ఏ మెట్టు ఎప్పుడు నొక్కారో వెళ్తుంది గానీ నీ డప్పు శబ్దం వెళ్లదు. టెంపో ఎంతో రాయి. ఇద్దరూ ఒకే శాంపిల్ రేటు, అంటే సెకనుకు ఎన్నిసార్లు కొలవాలన్న లెక్క, పెట్టుకోండి. 44,100లో రికార్డు చేసినదాన్ని 48,000 అనుకుని నడిపిస్తే పాట పరుగెత్తడమే కాదు, శ్రుతి దాదాపు ఒకటిన్నర మెట్లు పైకెక్కుతుంది. అమ్మవారి పాట కాస్తా కార్టూన్ పాటవుతుంది!

ఆషాఢానికి ఇంకా టైముంది. ఆదివారం ఇద్దరూ లాప్‌టాప్‌లతో రండి. వైరున్న హెడ్‌ఫోన్లు నా దగ్గర రెండున్నాయి, ఒకదానికి ఎడమ చెవి పనిచేయదు. అది నేను పెట్టుకుంటాలే.

మీ తాతయ్య