మైకెలాంజెలో చూసి గీసుకున్న గోడ

చిన్నారులకు ఆశీస్సులు.

మైకెలాంజెలో అంటే మీకెంత ఇష్టమో తెలుసు. ఆయన కుర్రతనంలో ఎవరి బొమ్మలు చూసి చెయ్యి దిద్దుకున్నాడో చెబుదామని రాస్తున్నాను. ఆ చిత్రకారుడి పేరు మసాచ్చో. 1401లో పుట్టి 1428లో రోమ్‌లో చనిపోయాడు. ముప్ఫై కూడా నిండలేదు. మైకెలాంజెలో పుట్టింది 1475లో. అంటే శిష్యుడు గురువు ముఖమే చూడలేదు.

చూసిందల్లా ఫ్లోరెన్స్‌లో, కార్మినే చర్చిలో బ్రాంకాచ్చి కుటుంబం కట్టించుకున్న ప్రార్థన మందిరం గోడలు. 1420ల్లో మసొలినో అనే పెద్ద చిత్రకారుడితో కలిసి మసాచ్చో అక్కడ పనిచేశాడు. గోడకు సున్నపు గార పూసి, అది ఆరేలోగా రంగులు వేసే ఫ్రెస్కో పని అది.

అక్కడ నాకు అన్నిటికంటే ఇష్టమైన బొమ్మ ఒకటుంది. యేసు శిష్యుడు సెయింట్ పీటర్ వీధిలో నడిచి వస్తుంటాడు. ఆయన నీడ పడితే చాలు, రోగాలు నయమైపోతాయి. పక్కనున్న రోగుల వైపు ఆయన చూడనైనా చూడడు, ఎదురుగా చూస్తూ నడుస్తాడు. నీడ దాటి వచ్చినవాడు లేచి నిలబడ్డాడు. కాళ్లు చచ్చుబడినవాడు ఇంకా నేలమీదే ఉన్నాడు, నీడ ఇప్పుడే అతని దాకా వస్తోంది. అప్పటి చాలా బొమ్మల్లో మనుషులకు నేలమీద నీడే పడేది కాదు. మసాచ్చో ఆ మందిరానికి నిజంగా ఉన్న కిటికీ ఏ వైపుందో చూసుకుని, వెలుగు అటునుంచే వస్తున్నట్టు వేశాడు. అందుకే అతని మనుషులకు బరువుంటుంది, పాదాలు నేలకు గట్టిగా ఆనుతాయి.

ఇంకో బొమ్మలో ఆదాము, అవ్వ స్వర్గవనం నుంచి వెళ్లిపోతుంటారు. ఆదాము రెండు చేతులతో ముఖం కప్పేసుకున్నాడు. ఏడుపుకి అతని పొట్ట లోపలికి పోయింది, గమనించండి. తర్వాత రఫాయేల్ అనే చిత్రకారుడు వాటికన్‌లో ఇదే ఘట్టం వేయించినప్పుడు ఈ జంటనే ఆధారం చేసుకున్నాడు.

ఈ మందిరంలో బొమ్మలు గీసుకునే రోజుల్లోనే తొర్రిజానో అనే తోటి కుర్రాడు గొడవపడి మైకెలాంజెలో ముక్కు పగలగొట్టాడట. ఆ ముక్కు జీవితాంతం అలాగే ఉండిపోయింది.

చూసి గీస్తే కాపీ కదా అని మీలో కొందరికి టెన్షన్. అదే మందిరంలో పీటర్ పన్ను కట్టే మరో బొమ్మ ఉంది. అందులోని పీటర్‌ను చూసి మైకెలాంజెలో గీసుకున్న బొమ్మ ఒకటి ఇప్పుడు మ్యూనిక్‌లో ఉంది. మసాచ్చో రంగుతో తెచ్చిన బరువును అతను కలంతో, గీత మీద గీత అడ్డంగా వేసి సాధించాడు. అది కాపీ కాదు, అవతలివాడు ఆ పని ఎలా చేశాడో తన చేత్తో వెతుక్కోవడం. ఇంగ్లండ్ శిల్పి హెన్రీ మూర్ కూడా 1925లో ఫ్లోరెన్స్ వెళ్లినప్పుడు రోజూ ముందుగా ఈ గోడల దగ్గరికే వెళ్లేవాడు. రాతిని చెక్కేవాడికి అక్కడ పనికొచ్చింది రంగులు కాదు, ఆ బరువే.

సెలవుల్లో వచ్చేటప్పుడు మసాచ్చో వేసిన ఆ పన్ను కట్టే పీటర్, మైకెలాంజెలో గీసుకున్న పీటర్, రెండూ ప్రింట్ తీసుకుని రండి. పక్కపక్కన పెట్టుకుని, ముందు ఆ పైవస్త్రం మడతలతో మొదలుపెడదాం.

మీ తాతయ్య